మ్యాక్స్-రేట్ తగ్గించినా ప్రింటర్లు కాగితాలు ఎందుకు పారేశాయి: ఎన్‌మ్యాప్ ప్రోబ్‌లను దశలవారీగా అదుపు చేయడం

మీరు రాసినదాన్ని ముందు ఒకచోట పెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. ఆఫీసులో ఒక సబ్‌నెట్, అందులో సుమారు 60 పరికరాలు: సర్వర్లు, డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు, బిల్డింగ్ ఏసీని నడిపే ఒక పాత కంట్రోలర్. మీ స్కానర్ మెషీన్ ఫైర్‌వాల్‌కు ఇవతల, వేరే సబ్‌నెట్‌లో ఉంది. మొదటిసారి ఎన్‌మ్యాప్‌ను (నెట్‌వర్క్‌లో ఏ పరికరాలున్నాయో, వాటిలో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూసే సాధనం) -ఎ, --ఆల్‌పోర్ట్స్, --మ్యాక్స్-రేట్ 50 పెట్టి నడిపారు. సెకనుకు 50 ప్యాకెట్లే కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నారు. ప్రింటర్లు అర్థంలేని అక్షరాలతో కాగితాలు పారేశాయి, కంట్రోలర్ హ్యాంగ్ అయింది. రెండోసారి -ఎ, ఆల్‌పోర్ట్స్ తీసేసి -టి5, -పి-, --మ్యాక్స్-రేట్ 50 పెట్టారు. ఒక్క పోర్టు కూడా కనబడలేదు. మూడోసారి మ్యాక్స్-రేట్ కూడా తీసేశారు. ఫలితాలు వచ్చాయి కానీ రెండుసార్లు నడిపితే రెండు రకాలుగా వచ్చాయి. "ప్రోబ్‌ల ప్రవర్తన నా చేతిలో ఎలా ఉంటుంది?" అన్నది మీ ప్రశ్న. ప్రోబ్ అంటే ఏ జవాబు వస్తుందో చూడడానికి ఎన్‌మ్యాప్ పంపే ప్యాకెట్.

ఒక మాట. ఆప్షన్ల పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చాలా ముఖ్యం. -ఎస్‌ఎన్‌లో రెండూ చిన్న అక్షరాలైతే అది హోస్ట్ డిస్కవరీ (ఏ హోస్ట్‌లు, అంటే పరికరాలు, బతికున్నాయో చూడడం) మాత్రమే, పోర్టుల జోలికి పోదు. చివరి ఎన్ పెద్దదైతే అది నల్ స్కాన్, అంటే ఏ ఫ్లాగూ (ప్యాకెట్ పనేమిటో చెప్పే గుర్తు) లేని టీసీపీ ప్యాకెట్లు పోర్టులన్నిటికీ వెళ్తాయి. ఒక్క షిఫ్ట్ కీ వల్ల జరిగే పని పూర్తిగా మారిపోతుంది.

ఇక అసలు విషయం. మ్యాక్స్-రేట్ స్కాన్ మొత్తానికీ వర్తించే పగ్గం కాదు. ఎన్‌మ్యాప్ పని దశలుగా నడుస్తుంది. ముందు హోస్ట్‌లు బతికున్నాయా అని చూస్తుంది, తర్వాత రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి పేరు వెతకడం), తర్వాత పోర్ట్ స్కాన్, ఆ తర్వాత వెర్షన్ గుర్తింపు (పోర్టులో ఏ సర్వీసు నడుస్తోందో చూడడం), ఓఎస్ గుర్తింపు, ట్రేస్‌రూట్, చివరగా స్క్రిప్టులు. వీటిలో మ్యాక్స్-రేట్, మిన్-రేట్ పనిచేసేది హోస్ట్ డిస్కవరీ, పోర్ట్ స్కాన్ దశల్లో మాత్రమే. ఓఎస్ గుర్తింపు, వెర్షన్ గుర్తింపు, స్క్రిప్టులు తమ టైమింగ్ తామే చూసుకుంటాయి. -ఎ అంటే ఈ మూడింటినీ, ట్రేస్‌రూట్‌నూ కలిపి ఆన్ చేయడం. అంటే మీరు పెట్టిన 50 అన్న పరిమితి ప్రమాదం లేని భాగానికి వర్తించింది, ప్రమాదం ఉన్న భాగాన్ని తాకనే లేదు.

ప్రింటర్ల సంగతి చూడండి. నెట్‌వర్క్ ప్రింటర్లు సాధారణంగా 9100 పోర్టులో వింటూ ఉంటాయి. ఆ పోర్టుకు ఏ డేటా వస్తే దాన్ని నేరుగా ముద్రించేస్తాయి. వెర్షన్ గుర్తింపులో ఎన్‌మ్యాప్ చేసేది తెరిచి ఉన్న పోర్టుకు కనెక్ట్ అయ్యి, కొన్ని సెకన్లు బ్యానర్ (సర్వీసు తనంతట పంపే పరిచయ వాక్యం) కోసం ఆగి, ఏమీ రాకపోతే తన దగ్గరున్న ప్రోబ్‌లను ఒక్కొక్కటిగా పంపడం. హెచ్‌టీటీపీ గెట్, ఆర్‌టీఎస్‌పీ, ఎస్‌ఎస్‌ఎల్ హలో ఇలా. ప్రింటర్ దృష్టిలో అవన్నీ ప్రింట్ చేయాల్సిన అక్షరాలే. ఈ సంగతి ఎన్‌మ్యాప్ తయారీదారులకు తెలుసు కాబట్టే, ప్రోబ్‌ల ఫైలులోనే టీసీపీ 9100 నుంచి 9107 దాకా వెర్షన్ గుర్తింపు చేయొద్దని ఒక మినహాయింపు రాసి ఉంది. --ఆల్‌పోర్ట్స్ పెడితే ఆ మినహాయింపు రద్దవుతుంది. పేరు చూసి "అన్ని పోర్టులూ స్కాన్ చేయి" అని అనుకుంటారు చాలామంది. దాని అర్థం అది కాదు, "మినహాయించిన పోర్టులకూ వెర్షన్ ప్రోబ్‌లు పంపు" అని. ఆ ఆప్షన్‌ను మీ నోట్స్‌లోంచే తీసేయండి. ఇంకో జాగ్రత్త: ఆ మినహాయింపు పోర్టు నంబరును బట్టే పనిచేస్తుంది. ఎవరైనా ప్రింట్ సర్వీసును వేరే పోర్టులో పెట్టి ఉంటే అది కాపాడదు. ప్రింటర్ల ఐపీలు తెలిస్తే --ఎక్స్‌క్లూడ్‌ఫైల్‌లో రాసి, వాటిని వెర్షన్ దశ నుంచి పూర్తిగా తప్పించడమే నయం.

కంట్రోలర్ ఎందుకు పడిపోయిందో నేను ఇక్కడి నుంచి ఖాయంగా చెప్పలేను, కానీ -ఎ పంపే సరంజామాలో అనుమానించాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది ఓఎస్ గుర్తింపు. ఒక్కో ప్రయత్నంలో అది గరిష్ఠంగా 16 ప్రోబ్‌లు పంపుతుంది. సంఖ్య చిన్నదే, స్వభావం మాత్రం మామూలుది కాదు. ఏ ఫ్లాగూ లేని ప్యాకెట్ ఒకటి, సిన్, ఫిన్, అర్జెంట్, పుష్ ఫ్లాగులు నాలుగూ ఒకేసారి పెట్టిన ప్యాకెట్ ఒకటి ఉంటాయి. మామూలు నెట్‌వర్క్ ట్రాఫిక్‌లో ఇలాంటివి కనబడవు. వాటికి ఒక్కో ఓఎస్ ఒక్కోలా స్పందిస్తుంది, ఆ తేడాను బట్టే గుర్తింపు జరుగుతుంది. పాతకాలపు ఎంబెడెడ్ పరికరాల్లో టీసీపీ స్టాక్ రాసినవాళ్లు ఇలాంటివి వస్తాయని ఊహించి ఉండకపోవచ్చు. పైగా సరైన పోలిక దొరకకపోతే ఎన్‌మ్యాప్ మళ్లీ ప్రయత్నిస్తుంది, పరిస్థితి అనుకూలంగా ఉంటే ఐదుసార్ల దాకా. --మ్యాక్స్-ఓఎస్-ట్రైస్ 1 పెడితే అది ఒక్కసారితో ఆగుతుంది. రెండో అనుమానం వెర్షన్ గుర్తింపు తెరిచే కనెక్షన్లు. చిన్న పరికరాలు ఒకేసారి నాలుగైదు కనెక్షన్లకు మించి పట్టుకోలేకపోవచ్చు. వాటిని ఎన్‌మ్యాప్ ఆక్రమించుకుని బ్యానర్ కోసం ఎదురుచూస్తుంటే, నిజంగా కావలసిన కనెక్షన్‌కు చోటు ఉండదు. ఇక్కడ సెకనుకు ఎన్ని ప్యాకెట్లన్నది లెక్కలోకే రాదు. ఒకేసారి ఎన్ని తలుపులు తెరిచి పట్టుకున్నామన్నదే లెక్క.

అందుకే వేగం గురించి ఆలోచించే ముందు "ఏ ప్రోబ్ ఎవరికి వెళ్తోంది?" అని అడగడం నేర్చుకోవాలి. దానికి సాధనం ఎన్‌మ్యాప్‌లోనే ఉంది. --ప్యాకెట్-ట్రేస్ పెడితే పంపిన ప్రతి ప్యాకెట్టూ, వచ్చిన ప్రతి ప్యాకెట్టూ టెర్మినల్‌లో కనిపిస్తాయి. --వెర్షన్-ట్రేస్ పెడితే వెర్షన్ ప్రోబ్‌లు పేర్లతో సహా కనిపిస్తాయి. మీ సొంత వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టుకుని, ఆఫీసు మీద నడపబోయే కమాండ్‌ను ముందు దాని మీద, నాలుగైదు పోర్టులతో, ఈ రెండూ ఆన్ చేసి నడపండి. పక్క కిటికీలో టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే సాధనం) కూడా పెట్టుకుంటే ఇంకా మంచిది. మాన్యువల్ మొత్తం చదివినా ఇంత స్పష్టంగా తెలియదు.

ఇప్పుడు ఒక్కో దశకూ ఉన్న పగ్గాల గురించి.

హోస్ట్ డిస్కవరీలో రూట్ హక్కులతో నడిపితే ఎన్‌మ్యాప్ డిఫాల్ట్‌గా నాలుగు ప్రోబ్‌లు పంపుతుంది: ఐసీఎంపీ ఎకో (మామూలు పింగ్), 443కు సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే టీసీపీ ప్యాకెట్), 80కి ఏక్ (అందిందని చెప్పే టీసీపీ ప్యాకెట్), ఐసీఎంపీ టైమ్‌స్టాంప్. రూట్ లేకపోతే 80కీ 443కీ మామూలు కనెక్ట్ ప్రయత్నాలు. అదే ఈథర్‌నెట్ సబ్‌నెట్‌లో ఉంటే ఇవేవీ కాదు, ఏఆర్‌పీ (ఐపీకి తగిన హార్డ్‌వేర్ చిరునామా అడిగే సందేశం) వాడుతుంది. అక్కడ -పిఎన్ (హోస్ట్ డిస్కవరీ వదిలేయమనే ఆప్షన్) పెట్టినా సరే ఏఆర్‌పీ వెళ్తూనే ఉంటుంది, అది ఆపాలంటే --డిజేబుల్-ఏఆర్‌పీ-పింగ్ విడిగా పెట్టాలి. మీ స్కానర్ వేరే సబ్‌నెట్‌లో ఉంది కాబట్టి మీకు ఆ నాలుగు ప్రోబ్‌ల పద్ధతే. ఫైర్‌వాల్ ఆ నాలుగింటినీ ఆపేస్తే బతికున్న హోస్ట్ కూడా చచ్చినట్టు కనబడుతుంది. అలాంటప్పుడు చాలామంది వెంటనే -పిఎన్ పెట్టేస్తారు. అది అన్ని చిరునామాల్లోనూ ఎవరో ఉన్నారని నమ్మి, ప్రతిదానికీ పోర్టులన్నీ తట్టమని చెప్పడం. 65,536 చిరునామాలున్న నెట్‌వర్క్‌లో, డిఫాల్ట్ 1000 పోర్టులతో, ఒక్కో ప్రోబ్‌ను ఇంకోసారి పంపాల్సి వస్తే 13 కోట్ల ప్యాకెట్లు దాటుతాయి. సెకనుకు 50 చొప్పున అది 30 రోజుల పని. దాని బదులు -పిఎస్‌తో (ఇచ్చిన పోర్టులకు సిన్ పంపి హోస్ట్ ఉందో చూసే ఆప్షన్) మీ నెట్‌వర్క్‌లో నిజంగా వాడే పోర్టులను ఇవ్వండి: 22, 135, 445, 3389 లాంటివి. ఖాళీ చిరునామాలకు కొద్దిపాటి ప్యాకెట్లతో పని అయిపోతుంది.

రివర్స్ డీఎన్‌ఎస్‌ను చాలామంది మర్చిపోతారు. -ఎన్ పెట్టకపోతే దొరికిన ప్రతి హోస్ట్ పేరు కోసం మీ డీఎన్‌ఎస్ సర్వర్‌కు ప్రశ్నలు వెళ్తాయి. పేర్లు అక్కర్లేనప్పుడు -ఎన్ పెట్టేయండి.

పోర్ట్ స్కాన్ దశలోనే ఎక్కువ పగ్గాలున్నాయి, ఎక్కువ గందరగోళం కూడా ఇక్కడే. మ్యాక్స్-రేట్ అనేది మొత్తం స్కాన్‌కు, ఒక్కో హోస్ట్‌కు కాదు. సెకనుకు 50 అంటే 60 హోస్ట్‌లకు కలిపి 50. ఒకే హోస్ట్ మిగిలి ఉంటే ఆ 50 దాని నెత్తినే పడతాయి. హోస్ట్‌కు ఇంత అని చెప్పాలంటే --స్కాన్-డిలే కావాలి. --స్కాన్-డిలే 200ఎంఎస్ అంటే ఒకే హోస్ట్‌కు వెళ్లే రెండు ప్రోబ్‌ల మధ్య కనీసం 200 మిల్లీసెకన్లు. బలహీనమైన పరికరాన్ని కాపాడేది ఇది, దారిలో ఉన్న ఫైర్‌వాల్‌ను కాపాడేది మ్యాక్స్-రేట్. రెండూ కలిపి వాడొచ్చు, వాడాలి కూడా. ఇంకో సంగతి, మ్యాక్స్-రేట్ ఒక్క ప్రాసెస్‌కే వర్తిస్తుంది. త్వరగా అవుతుందని నాలుగు టెర్మినళ్లలో నాలుగు ఎన్‌మ్యాప్‌లు నడిపితే మీ 50 కాస్తా 200 అవుతుంది.

సెకనుకు ఎంత పెట్టాలి అన్నదానికి చాలామంది బ్యాండ్‌విడ్త్ చూస్తారు. అది తప్పు కొలత. సిన్ ప్రోబ్ చాలా చిన్నది. ఈథర్‌నెట్ తీగ మీద ముందూ వెనకా కలిపి 84 బైట్ల చోటు తీసుకుంటుంది. సెకనుకు 1000 పంపినా 0.67 ఎంబీపీఎస్ మాత్రమే, ఎవరూ గమనించరు. నొప్పి తగిలేది ఫైర్‌వాల్ స్టేట్ టేబుల్‌కు, అంటే కనెక్షన్లను అది గుర్తుపెట్టుకునే పట్టికకు. లైనక్స్ కనెక్షన్ ట్రాకింగ్‌నే తీసుకోండి. అనుమతించిన సిన్ ఒకటి వెళ్లి అవతలి నుంచి జవాబు రాకపోతే, ఆ ఎంట్రీ డిఫాల్ట్‌గా 120 సెకన్లు టేబుల్‌లో కూర్చుంటుంది. సెకనుకు 1000 చొప్పున అలాంటివి వెళ్తే రెండు నిమిషాల్లో 1,20,000 ఎంట్రీలు. టేబుల్ పరిమితి 65,536 అయితే అది నిండిపోతుంది, ఆఫీసులో అందరి కొత్త కనెక్షన్లూ ఆగిపోతాయి. మీ 50తో అయితే 6,000 ఎంట్రీలు, ఫర్వాలేదు. కాబట్టి ఫైర్‌వాల్ చూసేవాళ్లను అడగాల్సింది "లైన్ స్పీడ్ ఎంత?" అని కాదు, "స్టేట్ టేబుల్ ఎంత, మామూలు రోజున ఎంత నిండి ఉంటుంది, టైమౌట్ ఎంత?" అని. మిగిలిన చోటులో పావు వంతు మించకుండా లెక్క కట్టుకుని రేటు పెట్టడం నా పద్ధతి.

మీ రెండో స్కాన్‌లో ఏమీ ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్తాను, ఇది అచ్చంగా లెక్క తప్పడమే. -టి5 (ఎన్‌మ్యాప్ టైమింగ్ టెంప్లేట్లలో అన్నిటికంటే వేగమైనది) తనతో పాటు కొన్ని విలువలు తెస్తుంది: హోస్ట్ టైమౌట్ 15 నిమిషాలు, గరిష్ఠ రిట్రైలు (మళ్లీ పంపడాలు) 2, జవాబు కోసం ఆగే సమయం గరిష్ఠంగా 300 మిల్లీసెకన్లు. -పి- అంటే 65,535 పోర్టులు. సెకనుకు 50 చొప్పున ఒక్క హోస్ట్‌కే, ఒక్క రిట్రై కూడా లేకుండా, దాదాపు 22 నిమిషాలు. 15 నిమిషాలకే ఎన్‌మ్యాప్ ఆ హోస్ట్‌ను వదిలేస్తుంది. వదిలేసిన హోస్ట్‌కు అప్పటిదాకా దొరికిన పోర్టులను కూడా చూపించదు. అవుట్‌పుట్‌లో 'స్కిప్పింగ్ హోస్ట్' అని మొదలయ్యే లైన్లు వరసగా వచ్చి ఉంటాయి, వెనక్కి వెళ్లి చూడండి. 60 హోస్ట్‌లకూ కలిపి ఆ స్కాన్‌కు కనీసం 21 గంటలకు పైగా పడుతుంది. నెమ్మదిగా వెళ్లమని ఒక చేత్తో, తొందరగా ముగించమని ఇంకో చేత్తో చెప్పారు.

మూడో స్కాన్‌లో ఫలితాలు మారిపోవడానికీ -టి5నే కారణంగా చూస్తున్నాను. ఎన్‌మ్యాప్ తనంతట తాను వదిలేస్తే చాలా మర్యాదగా ప్రవర్తిస్తుంది. టీసీపీలో ఉన్నట్టే దానికీ కంజెషన్ విండో ఉంది. జవాబులు వస్తుంటే ఒకేసారి గాల్లో ఉండే ప్రోబ్‌ల సంఖ్య పెంచుతుంది, ప్యాకెట్లు పోతున్నాయని తెలిస్తే తగ్గిస్తుంది. జవాబు రావడానికి పట్టే సమయాన్ని కొలుస్తూ టైమౌట్‌ను సవరించుకుంటుంది. అవతలి హోస్ట్ జవాబులను పరిమితం చేస్తోందనిపిస్తే ప్రోబ్‌ల మధ్య ఆలస్యాన్ని తనే పెంచుతుంది. -వి పెడితే 'ఇంక్రీజింగ్ సెండ్ డిలే' అని మొదలయ్యే లైను అదే. -టి5 ఈ సర్దుబాటును ఇరుకైన గదిలో బంధిస్తుంది. ఆలస్యాన్ని 5 మిల్లీసెకన్లకు మించి పెంచనివ్వదు, రెండు రిట్రైల తర్వాత ఆశ వదిలేస్తుంది. ఫైర్‌వాల్ కాస్త ఒత్తిడిలో ఉండి కొన్ని ప్యాకెట్లు పోగొడితే, ఆ పోర్టులు 'ఫిల్టర్డ్' (తెరిచి ఉందో మూసి ఉందో తేలనివి) అని నమోదవుతాయి. ఈసారి ఒక పోర్టు, వచ్చేసారి ఇంకోటి. --మిన్-రేట్ పెట్టినా ఇదే ప్రమాదం, "నెట్‌వర్క్ ఏమైనా కానీ ఇంతకంటే తగ్గకు" అని చెప్పడమే అది.

అవతలి హోస్ట్‌లు కూడా జవాబులు రేషన్ ఇస్తాయి. ఫ్రీబీఎస్‌డీ డిఫాల్ట్‌గా మూసిన పోర్టుల ఆర్‌ఎస్‌టీ (మూసి ఉందని చెప్పే) జవాబులను సెకనుకు 200కు పరిమితం చేస్తుంది. అంతకంటే వేగంగా తడితే మిగిలిన మూసిన పోర్టులు జవాబు లేనివిగా కనబడతాయి. మీరు వేగం పెంచిన కొద్దీ స్కాన్ అబద్ధాలు చెబుతుంది. ఇన్వెంటరీ (ఏ పరికరాలు, ఏ సర్వీసులు ఉన్నాయో రాసే జాబితా) కోసం చేసే స్కాన్‌లో ఇది చిన్న విషయం కాదు. తెరిచి ఉన్న ఒక డేటాబేస్ పోర్టు 'ఫిల్టర్డ్' అని రిపోర్టులో పడితే, దాన్ని ఇక ఎవరూ పట్టించుకోరు.

అందుకని నేను వాడేది డిఫాల్ట్ -టి3, లేదా మంచి వైర్డ్ నెట్‌వర్క్ అయితే -టి4, దానికి మీద విడి ఆప్షన్లు. టెంప్లేట్ ఇచ్చిన విలువను విడి ఆప్షన్ కొట్టేస్తుంది కాబట్టి రెండూ కలపొచ్చు. రిట్రైలకు డిఫాల్ట్ పరిమితి 10. అంటే ప్రతి పోర్టునూ పదిసార్లు తడుతుందని కాదు. నెట్‌వర్క్ బాగుంటే జవాబు రాని పోర్టును ఒక్కసారి మాత్రమే మళ్లీ తడుతుంది. --మ్యాక్స్-రిట్రైస్ 3 పెడితే నిజం పెద్దగా పోకుండా చెత్త పరిస్థితుల్లో సమయం మిగులుతుంది. సున్నా పెట్టొద్దు. -టి2 గురించి అడుగుతుంటారు: అది ప్రోబ్‌ల మధ్య 0.4 సెకన్లు ఆగుతుంది, ఒక హోస్ట్‌కు 1000 పోర్టులంటే ఏడు నిమిషాలకు దగ్గర. నాలుగైదు బలహీన హోస్ట్‌లకు అది చక్కగా సరిపోతుంది, పెద్ద నెట్‌వర్క్‌కు కాదు.

రెండు స్కాన్‌ల ఫలితాలను కంటితో పోల్చకండి. ఎన్‌డిఫ్ అనే సాధనం ఎన్‌మ్యాప్‌తోనే వస్తుంది, రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు ఇస్తే తేడా చూపిస్తుంది. --రీజన్ తప్పకుండా పెట్టండి. 'ఫిల్టర్డ్' అన్న ప్రతి పోర్టు పక్కనా ఎందుకలా అన్నారో ఉంటుంది. అసలు జవాబే రాలేదా, లేక ఫైర్‌వాల్ ఐసీఎంపీలో వద్దని చెప్పిందా అన్నది తెలుస్తుంది. మొదటిదైతే నెమ్మదించి మళ్లీ చూడాల్సిన పోర్టు. రెండోదైతే అది ఖాయమైన సమాచారం.

యూడీపీ (కనెక్షన్ లేకుండా సందేశాలు పంపే పద్ధతి) వేరే లోకం. మూసిన యూడీపీ పోర్టు ఐసీఎంపీ 'పోర్ట్ అన్‌రీచబుల్' పంపితేనే మూసి ఉందని తెలుస్తుంది. లైనక్స్ ఆ సందేశాలను ఒక గమ్యానికి సెకనుకు ఒకటి చొప్పున పరిమితం చేస్తుంది. 65,535 పోర్టులంటే 18 గంటలకు పైగా, అదీ ఒక్క హోస్ట్‌కు. ఏ ఆప్షన్ పెట్టినా దీన్ని నిజంగా తగ్గించలేరు, తగ్గించినట్టు కనబడితే కచ్చితత్వం పోయిందని అర్థం. కాబట్టి యూడీపీలో 53, 123, 161, 500 లాంటి కావలసిన పోర్టులే ఎంచుకోండి. జవాబు రాని యూడీపీ పోర్టు తెరిచి ఉందో ఫైర్‌వాల్ మింగిందో తెలియదు. అక్కడ -ఎస్‌వి (వెర్షన్ గుర్తింపు ఆప్షన్)తో పాటు --వెర్షన్-ఇంటెన్సిటీ 0 పెట్టండి. ఆ పోర్టుకు సంబంధించిన ప్రోబ్ మాత్రమే వెళ్తుంది. 161కి ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరం వివరాలు అడిగే ప్రోటోకాల్) ప్రశ్న వెళ్తుంది తప్ప ప్రపంచంలోని ప్రోటోకాల్‌లన్నీ వెళ్లవు.

టీసీపీ వెర్షన్ గుర్తింపుకు కూడా పగ్గం ఆ ఇంటెన్సిటీయే. 0 నుంచి 9 దాకా ఉంటుంది, డిఫాల్ట్ 7. --వెర్షన్-లైట్ అంటే 2. ప్రోబ్‌లకు అరుదుతనాన్ని బట్టి అంకెలుంటాయి, ఇంటెన్సిటీ తగ్గిస్తే అరుదైన ప్రోబ్‌లు వెళ్లవు. పోర్టుకు తగిన ప్రోబ్ మాత్రం ఇంటెన్సిటీ ఎంత ఉన్నా వెళ్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో 2తో మొదలుపెట్టి, గుర్తుపట్టని పోర్టుల మీద మాత్రమే 7 వాడితే పని జరిగిపోతుంది. ఒకేసారి ఎక్కువ పరికరాలను కదపొద్దనుకుంటే --మ్యాక్స్-హోస్ట్‌గ్రూప్ చిన్నదిగా పెట్టండి. 1 పెడితే ఒక హోస్ట్‌కు సంబంధించిన దశలన్నీ పూర్తయ్యాకే తర్వాతి హోస్ట్ మొదలవుతుంది, ఏదైనా పరికరం పడిపోతే ఎక్కడ ఆగామో వెంటనే తెలుస్తుంది.

స్క్రిప్టుల విషయంలో నేను కఠినంగా ఉంటాను. -ఎస్‌సి అంటే 'డిఫాల్ట్' వర్గంలోని స్క్రిప్టులన్నీ, వాటిలో కొన్ని 'ఇంట్రూసివ్' వర్గానికీ చెందుతాయి. --స్క్రిప్ట్ దగ్గర కొటేషన్లలో 'డిఫాల్ట్ అండ్ సేఫ్' అని రాస్తే రెండు వర్గాల్లోనూ ఉన్నవే నడుస్తాయి. 'డాస్', 'ఎక్స్‌ప్లాయిట్', 'బ్రూట్', 'ఫజర్' వర్గాలు ఇన్వెంటరీ స్కాన్‌లో ఉండకూడదు. 'ఎక్స్‌టర్నల్' వర్గం స్క్రిప్టులు మీ టార్గెట్ వివరాలను బయటి సర్వీసులకు పంపగలవు, కంపెనీ లోపలి నెట్‌వర్క్‌లో అది కూడా వద్దు.

మాస్‌స్కాన్ అనే ఇంకో స్కానర్ వాడమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. దాని డిఫాల్ట్ వేగం సెకనుకు 100 ప్యాకెట్లు, అది మర్యాదైనదే. కానీ అది నెట్‌వర్క్ ఇబ్బందిని చూసి తగ్గదు. మీరు చెప్పిన రేటుతో పంపుకుంటూ పోతుంది. పోయిన ప్యాకెట్ల సంగతి దానికి పట్టదు. పెద్ద పరిధిలో మొదటి చూపుకు అది మంచి సాధనం. 60 హోస్ట్‌లకు అనవసరం.

స్కాన్‌ను దాచడానికి వాడే డికాయ్‌లు, ఫ్రాగ్మెంట్లు, దొంగ సోర్స్ చిరునామాల గురించి ఇక్కడ రాయను. అనుమతితో చేసే స్కాన్‌కు వాటి అవసరం లేదు, పైగా లాగ్‌లు చూసేవాళ్లను తికమక పెడతాయి. మీరు చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని. ఏ ఐపీ నుంచి, ఏ సబ్‌నెట్‌కు, ఏ సమయానికి, ఏ దశలు నడుపుతారో రాసి, నెట్‌వర్క్ యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఫైర్‌వాల్ వాళ్లకు, ఏసీ నిర్వహణ చూసేవాళ్లకు, హెల్ప్‌డెస్క్‌కు ముందే చెప్పండి. ఏదైనా తేడా వస్తే ఆపమని ఫోన్ చేయడానికి మీ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి. మొదటి స్కాన్ అప్పుడు ఆ నంబరు ఉండి ఉంటే కంట్రోలర్ ఆగిన నిమిషంలోనే మీకు తెలిసేది.

మీ నెట్‌వర్క్‌కు నేనైతే ఈ వరసలో వెళ్తాను. ముందు -ఎస్‌ఎల్ -ఎన్‌తో టార్గెట్ జాబితా సరిగా ఉందో చూడండి, దీనికి ఒక్క ప్యాకెట్ కూడా వెళ్లదు. తర్వాత -ఎస్‌ఎన్ -ఎన్ --మ్యాక్స్-రేట్ 50 తో బతికున్నవాటి జాబితా తీసి, దాన్ని చేత్తో మూడు ఫైళ్లుగా విడదీయండి: మామూలు కంప్యూటర్లు, ప్రింటర్లు, బలహీన పరికరాలు. మామూలువాటికి -ఐఎల్‌తో ఆ ఫైలు ఇచ్చి

ఎన్‌మ్యాప్ -ఎస్‌ఎస్ -ఎన్ -టి3 --మ్యాక్స్-రేట్ 300 --మ్యాక్స్-రిట్రైస్ 3 --రీజన్ -ఓఎ మొదటిదశ

అని నడపండి (-ఎస్‌ఎస్ అంటే సిన్ స్కాన్, -ఓఎ ఫలితాలను ఫైళ్లలో రాస్తుంది). 300 అన్నది ఫైర్‌వాల్ వాళ్లతో మాట్లాడాకే. అన్ని పోర్టులూ కావాలంటే -పి- చేర్చండి. 50 హోస్ట్‌లకు 300 చొప్పున మూడు గంటలు దాటుతుంది, జవాబు రాని పోర్టులు ఎక్కువుంటే దానికి రెట్టింపు. హోస్ట్ టైమౌట్ పెట్టకండి. -ఓఎ ఇచ్చిన ఫైళ్లుంటే మధ్యలో ఆపినా --రెజ్యూమ్‌తో కొనసాగించొచ్చు. ఆ తర్వాత తెరిచి ఉన్న పోర్టులకు మాత్రమే, విడి కమాండ్‌గా, --వెర్షన్-లైట్‌తో -ఎస్‌వి. ఒకే కమాండ్‌లో అన్నీ కలపకపోవడం వల్ల ఏ దశలో ఏం జరిగిందో తెలుస్తుంది. ప్రింటర్లకు పోర్ట్ స్కాన్ వరకే, వెర్షన్ వద్దు. కావాలంటే 161 ఒక్కదానికి యూడీపీ ప్రశ్న పంపితే మోడల్ పేరు సాధారణంగా వస్తుంది.

ఏసీ కంట్రోలర్‌ను మాత్రం నేను స్కాన్ చేయను, --స్కాన్-డిలే ఎంత పెట్టినా సరే. అది ఎందుకు పడిపోయిందో తయారీదారు చెప్పేదాకా, లేదా పక్కన పెట్టి పరీక్షించడానికి ఇంకో యూనిట్ దొరికేదాకా, దాని ఐపీ ఎక్స్‌క్లూడ్‌ఫైల్‌లో ఉండాలి. ఇన్వెంటరీకి కావలసిన సమాచారం చాలావరకు ప్రోబ్ పంపకుండానే దొరుకుతుంది. స్విచ్‌లోని మ్యాక్ (హార్డ్‌వేర్ చిరునామా) టేబుల్ ఏ పోర్టుకు అది తగిలించి ఉందో చెబుతుంది. రూటర్ ఏఆర్‌పీ టేబుల్ దాని ఐపీ చెబుతుంది, మ్యాక్ మొదటి మూడు బైట్లు నెట్‌వర్క్ కార్డు తయారీదారెవరో చెబుతాయి. ఎవరితో ఏ పోర్టులో మాట్లాడుతోందో ఫైర్‌వాల్ లాగ్‌లలో, లేదా స్విచ్‌లో మిర్రర్ పోర్టు (ట్రాఫిక్ నకలు పంపే పోర్టు) పెట్టి ఒక రోజు పట్టిన ట్రాఫిక్‌లో కనిపిస్తుంది. ఆ మిర్రర్ పోర్టు పెట్టమని మీ నెట్‌వర్క్ టీమ్‌ను ఈ వారమే అడగండి, స్కాన్ అనుమతి వచ్చేలోపు ఆ డేటా మీ చేతిలో ఉంటుంది.